అమ్మమ్మ చేతికి డబ్బు వచ్చిన ఊరు

కిందటి వారం నాగమణి గారు మా ఇంటికి వచ్చారు. కైకలూరు దగ్గర చేపల చెరువులు చేయించి, లారీల మీద చేప పంపించి, ఇప్పుడు ఆ వ్యాపారమంతా కొడుక్కి అప్పగించి తీరిగ్గా ఉన్న మనిషి ఆవిడ. డెబ్భై దాటినా గొంతులో పాత గట్టితనం తగ్గలేదు. విజయవాడలో కంటి డాక్టరుకు చూపించుకుని, కోడలితో కలిసి మా మేడ మెట్లెక్కి వచ్చి, ఫ్యాను కింద కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టి, "పాపా, ఈసారి ముక్తినాథ్ వెళ్తున్నాను. టికెట్లు కూడా తీసేశారు. నేపాల్లో డబ్బు సంగతి ఇప్పుడెట్టా ఉందో ఏమన్నా తెలుసా నీకు?" అని అడిగారు. కోడలు నవ్వి, "అత్తయ్యగారూ, ఇప్పుడు అక్కడ కూడా చాలాచోట్ల ఫోన్‌తో కట్టెయ్యొచ్చండీ. నేను చూసుకుంటానుగా" అంది. నాగమణి గారు ఆ అమ్మాయి వైపు తిరగలేదు. నా వైపే చూస్తూ, "పైన కొండల్లో సిగ్నల్ లేకపోతేనో?" అన్నారు.

"వంద నోట్లు పట్టుకెళ్లండి. అన్నీ ఒకరి దగ్గరే ఉంచుకోకండి" అన్నాను. ఆవిడ ముక్తినాథ్ వెళ్లడం ఇన్నేళ్లు ఎందుకు ఆగిపోయిందో ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు. వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "పిన్నిగారుంటే ఎంత సంతోషించేవారో" అని మాత్రం అన్నారు. పిన్నిగారంటే మా అమ్మమ్మ, సీతారావమ్మ.

అమ్మమ్మ వాళ్లది పామర్రుకు కొద్ది దూరంలో కాలవ గట్టు మీద ఊరు. నా చిన్నతనంలో సగం అక్కడే గడిచింది. విజయవాడలో బడికి సెలవులిచ్చిన రోజు సాయంత్రానికల్లా మా నాన్న నన్ను బస్సెక్కించేవాడు. ఊడ్పులకు ముందు దమ్ము చేలలో కుళ్లిన జనుము వాసన, పొద్దున్నే పాలు కాచే పొంత మీద పిడకల పొగ వాసన, తాతయ్య దగ్గరికి వెళితే లంక పొగాకు చుట్ట వాసన. ఆయన లోపల తొడుక్కునే జేబు బనీను కూడా అదే వాసన వేసేది. పామర్రులో ఒక దర్జీ చేత ప్రత్యేకంగా కుట్టించుకునేవాడు దాన్ని. ఛాతీకి రెండు వైపులా లోపలికి జేబులు, వాటి మూతులకు పిన్నీసులు. ఇంటి డబ్బంతా ఆ రెండు జేబుల్లోనే ఉండేది. వడ్లమ్మిన డబ్బు, పాల డబ్బు, కూలీలకు ఇవ్వాల్సింది, ఎరువుల కొట్టుకు కట్టాల్సింది, అన్నీ. స్నానానికి వెళితే బనీను కళ్ల ముందు మేకుకు తగిలించుకునేవాడు. పడుకునేటప్పుడు కూడా ఒంటి మీదే ఉండేది. ఉతకాల్సి వచ్చిన రోజు జేబులు ఖాళీ చేసుకుని, ఒకటికి రెండుసార్లు తడిమి చూసి, అప్పుడు అమ్మమ్మకిచ్చేవాడు.

అమ్మమ్మ ఆయన్ని డబ్బు అడగడం నేనెప్పుడూ వినలేదు. నూనె అయిపోవచ్చినప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి, ఎవరికీ కాకుండా అలమరతో చెబుతున్నట్టు, "ఈ నూనె రేపటికి రాదు" అనేది. వసారాలో పడక్కుర్చీలో ఉన్న తాతయ్య విన్నట్టే ఉండేవాడు కాదు. మర్నాడు మధ్యాహ్నానికి నూనె డబ్బా వచ్చేది. గాజుల వాడు వీధిలోకి వస్తే, "ఆయనింటికొచ్చాక రావయ్యా" అని పంపేసేది. వాడు మళ్లీ వచ్చేసరికి తాతయ్య పొలంలోనో పామర్రులోనో ఉండేవాడు. నాకు జడగంటలు కొనిపెట్టమంటే, "మీ తాతయ్యనడుగు" అనేది. నేను అడిగితే ఆయన వెంటనే ఇచ్చేవాడు, ముఖం మాత్రం ముడుచుకునేది. ఆయనకు డబ్బు తీయాల్సి వచ్చినప్పుడల్లా కోపం వస్తుందని మేమంతా అనుకునేవాళ్లం. అమ్మమ్మ కూడా అలాగే అనుకునేదని తర్వాత తెలిసింది.

నా డిగ్రీ పూర్తయిన ఏడు, విజయవాడ నుంచి నేపాల్ యాత్రకు ఒక ట్రావెల్స్ వాళ్లు జనాన్ని తీసుకెళ్తున్నారని తెలిసి తాతయ్య తనకు, అమ్మమ్మకు డబ్బు కట్టాడు. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కణ్నుంచి బస్సు. వంటవాళ్లు, బియ్యం, పప్పు, ఆవకాయ జాడీలతో సహా మనవాళ్లే వస్తారు. హిందీ పరీక్షలు ప్యాసయ్యాను గనక నన్ను కూడా పంపాలని మా అమ్మ పట్టుబట్టింది. బయల్దేరే ముందు ట్రావెల్స్ మేనేజరు ప్రసాదరావు గారు అందరినీ కూర్చోబెట్టి చెప్పారు: "అయిదు వందల నోట్లు బోర్డరు దాటితే చెల్లవండీ. అన్నీ వందలే తెచ్చుకోండి. అక్కడ చెక్కులూ కార్డులూ ఏవీ పనిచేయవు, చేతిలో ఉన్నదే డబ్బు. ఒక్కచోటే పెట్టుకోకండి." తాతయ్య తలూపాడు. ఖర్చుకు సరిపడా వందలు తెచ్చి, అవసరానికి ఉంటాయని అయిదు వందల నోట్లు మడతలు పెట్టి మొత్తం బనీనులోనే కుక్కుకున్నాడు. రైలెక్కాక అమ్మమ్మ నెమ్మదిగా, "కాసిని అమ్మాయి దగ్గరుంచితే బాగుంటుందేమోనండీ" అంది. "గవర్నమెంటు నోటు ఎక్కడన్నా చెల్లుద్ది. నువ్వూరుకో" అన్నాడాయన. అమ్మమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆ యాత్రలోనే నాగమణి గారు మాకు పరిచయమయ్యారు. భర్త పోయి అప్పటికి కొన్నేళ్లు. ఆయన బతికుండగా ముక్తినాథ్ తీసుకెళ్తానని మాటిచ్చాడట, కుదరలేదట. ఆ మొక్కు తీర్చుకోవడానికే వస్తున్నానని చెప్పారు. కాట్మండు తర్వాత పోఖరా, అక్కణ్నుంచి చిన్న విమానంలో కొండల మీదికి. ఆ విమానానికి విడిగా కట్టాలి. అందుకోసం వంద నోట్లు ఎప్పటికప్పుడు పక్కన పెట్టుకుంటూ వచ్చానని రైల్లో అమ్మమ్మతో చెబుతుంటే విన్నాను.

కాట్మండులో మేం దిగిన సత్రంలో, గుడిలో శివుడి దర్శనం అయిన మర్నాడు పొద్దున, తాతయ్య స్నానం చేసి వచ్చి పంచె కట్టుకుంటున్నాడు. కుచ్చెళ్లు చేతిలోంచి జారిపోయాయి. మళ్లీ పట్టుకోబోయాడు, చెయ్యి లేవలేదు. "ఏవిటిది" అనబోయిన మాట నోట్లోనే ముద్దయిపోయింది. మూతి ఒక పక్కకు వంగిపోయింది. అమ్మమ్మ ఆయన్ని రెండు చేతులతో పట్టుకుని అలాగే నేల మీద కూలబడింది. ప్రసాదరావు గారు టాక్సీ పిలిపించారు. ఆస్పత్రిలో పక్షవాతం అన్నారు. ఒంటి మీది బట్టలు తీసి, మూటలా చుట్టి నర్సు నా చేతికిచ్చింది. బనీను బరువుగా, వెచ్చగా ఉంది.

కౌంటరు దగ్గర డబ్బు కట్టమన్నారు. చేర్చుకోవడానికి ఇంత, మందులకు ఇంత, తలకు ఫొటో తీయడానికి వేరే చోటికి తీసుకెళ్తే దానికింత, అన్నీ ముందే కట్టాలి. "అమ్మమ్మా, తియ్యి" అని బనీను ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. "ఆయన్నడక్కుండానా?" అంది. "ఆయన మాట్లాడలేడు కదే" అన్నాను. అమ్మమ్మ లేచి, నర్సు వద్దంటున్నా వినకుండా తాతయ్య మంచం దగ్గరికి వెళ్లింది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. చెవి దగ్గర వంగి, "ఏవండీ, డబ్బు తీస్తున్నాను. మీకే" అంది. కాసేపు అలాగే నిలబడింది, జవాబు వస్తుందేమోనన్నట్టు. తర్వాత బయటికొచ్చి బల్ల మీద కూర్చుని, పిన్నీసులు ఒక్కొక్కటే విప్పింది. పెళ్లయినప్పట్నుంచీ ఆవిడ ఆ జేబులో చెయ్యి పెట్టడం అదే మొదటిసారి. చుట్ట వాసన గుప్పుమంది.

ఉన్న వందలన్నీ కట్టేసరికి అయిపోయాయి. మిగిలినవన్నీ అయిదు వందలే. కౌంటరులో ఉన్నాయన వాటిని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇవి నేను తీసుకుంటే నా ఉద్యోగం పోతుందమ్మా" అని హిందీలో చెప్పాడు. విసుక్కోలేదు, నిజంగానే బాధపడుతూ చెప్పాడు. నేను తెలుగులో చెబితే అమ్మమ్మ ఆ నోట్ల వైపు చూసి, "ఇన్నున్నా లేనట్టేనా?" అంది.

మర్నాడు యాత్ర బస్సు పోఖరా వెళ్లిపోవాలి. ముప్ఫై మందిని ఆపడం కుదరదు, అమ్మమ్మ కూడా ఆపమనలేదు. టెలిఫోను బూతులోంచి విజయవాడలో మా మామయ్యకు చెప్పాం. రైలు పట్టుకుని, బోర్డరు దాటి రావడానికి వారం పైనే పడుతుందన్నాడు. ఆ సాయంత్రం సత్రం హాల్లో ప్రసాదరావు గారు సంగతి చెప్పి, "ఎవరి దగ్గరన్నా వందలుంటే సాయం చెయ్యండి" అన్నారు. అమ్మమ్మ నిలబడింది. అంతమంది ముందు ఆవిడ మాట్లాడటం కూడా అదే మొదలేమో. "సాయం వద్దు బాబూ. మార్చండి చాలు. మా అయిదొందలు తీసుకుని మీ వందలివ్వండి. గోరఖ్‌పూర్ వెళ్లాక మీకవి చెల్లుతాయి" అంది.

ఒక్కొక్కరే లేచారు. కొంగు ముళ్లలోంచి, రవికల్లోంచి, కారప్పొడి సీసా కింద పేపరు మడతలోంచి, బూట్లలోంచి నోట్లు బయటికి వచ్చాయి. రుద్రాక్షలు కొందామని దాచుకున్నవాళ్లు, మనవరాలికి శాలువా కొందామనుకున్నవాళ్లు, అందరూ తలా రెండు, మూడు మార్చారు. అయినా చాలలేదు. అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న నాగమణి గారు లేచి, నడుముకున్న గుడ్డ సంచి విప్పి, దారంతో కట్టిన వందల కట్ట తెచ్చి అమ్మమ్మ ఒళ్లో పెట్టారు.

"ఇది నీ విమానానికి కదమ్మా" అంది అమ్మమ్మ.

"మార్చమన్నారు కదా, మారుస్తున్నాను. ఆ కొండ ఎక్కడికీ పోదు పిన్నిగారూ. బాబాయిగారి సంగతి చూడండి ముందు."

"నీ మొక్కు..."

"ఆయనకి చెప్పుకుంటాను లెండి. ఆయనా మనిషే కదా, అర్థం చేసుకుంటాడు." ఆవిడ చెప్పింది దేవుడి గురించో, పోయిన భర్త గురించో నేను అడగలేదు.

బస్సు వెళ్లిపోయాక ఆస్పత్రి వెనక సందులో ఒక పెద్దావిడ ఇంటి మేడ మీద గది తీసుకున్నాం. వంటకు కిరసనాయిలు స్టవ్వు ఆవిడే ఇచ్చింది. సత్రంలో వంటవాళ్లు వదిలివెళ్లిన బియ్యం, కందిపప్పు కొన్ని రోజులు వచ్చాయి. మొదటి సాయంత్రం అమ్మమ్మ తాతయ్య పాత తుండుగుడ్డను చింపి మూటలు కట్టింది. ఒకటి మందులకు, ఒకటి గదికి, ఒకటి తిండికి. వందల్ని ఒకేసారి మార్చొద్దని, ఏ రోజుకారోజు కావలసినంతే వాళ్ల డబ్బుగా మార్చమని చెప్పింది. "మనం రేపెళ్లిపోవాల్సొస్తే వాళ్ల నోట్లు మనూళ్లో ఏం చేసుకుంటాం?" అంది. ఆ మాట ఆవిడకెవరూ చెప్పలేదు. నేపాలీ నోట్ల మీద అంకెలు ఆవిడకు తెలియవు గనక బొమ్మల్ని బట్టి గుర్తు పెట్టుకుంది. జింక నోటు, ఖడ్గమృగం నోటు, పులి నోటు. "ఆ పులిని కదపకు. కూరలకు జింకలు చాలు" అనేది గంభీరంగా. నాకు నవ్వొచ్చేది, మళ్లీ వెంటనే ఏడుపొచ్చేది.

తాతయ్యకు రెండు మూడు రోజులు తెలివి సరిగా లేదు. డాక్టరు ఏమీ చెప్పలేనన్నాడు. అలాంటి ఒక పొద్దున అమ్మమ్మ తలస్నానం చేసి, "నదికి పోదాం పద" అంది. దణ్నం పెట్టుకోవడానికేమో అనుకున్నాను. గుడికెదురుగా నది మెట్ల మీద కూర్చుని, అవతలి గట్టున చితుల మీంచి లేస్తున్న పొగ వైపు చాలాసేపు చూసింది. తర్వాత లేచి, కట్టెలు పేరుస్తున్న ఒకాయన దగ్గరికి నన్ను తీసుకెళ్లింది.

"హిందీలో అడుగు. కట్టెలకెంతో, మనుషులకెంతో, పంతులుకెంతో."

నేను ఒకడుగు వెనక్కి వేశాను.

"అడగవే. అడిగినంత మాత్రాన ఏం కాదు. అడక్కుండా ఉంటే, ఆ రోజు వస్తే, ఈ ఊళ్లో ఎవరి ముందు చెయ్యి చాస్తాం మనం?"

అడిగాను. ఆయన చేతిలో కట్టె కింద పెట్టి, ఎవరికని అడక్కుండా, ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు. నేను తెలుగులో చెబుతుంటే అమ్మమ్మ వేళ్ల మీద లెక్కేసుకుంది. దారిలో కాలీఫ్లవర్ బేరమాడి కొంది. గదికి వచ్చాక మిగిలిన తుండుగుడ్డ ముక్కలో నాలుగో మూట కట్టింది. మందులకు తక్కువైన రోజున కూడా దాని జోలికి పోలేదు. ఆ రోజు తిండి మూటలోంచి తీసింది. రాత్రికి అన్నం నాకు పెట్టి, తనకు ఆకలిగా లేదంది.

తాతయ్య మెల్లగా తేరుకున్నాడు. ముందు మింగడం, తర్వాత మనుషుల్ని గుర్తుపట్టడం. కుడి చెయ్యి రాలేదు, మాట సగం సగం వచ్చింది. మామయ్య వచ్చేసరికి దిండుకు ఆనుకుని కూర్చోగలుగుతున్నాడు. మామయ్య బోర్డరు దగ్గర ఒక రోజంతా ఆగి తన డబ్బు మొత్తం వందలుగా మార్చుకుని వచ్చాడు. వస్తూనే తండ్రిని చూసి ఏడ్చి, కళ్లు తుడుచుకుని, "అమ్మా, డబ్బు ఇటివ్వు. ఇంక నేను చూసుకుంటాను" అని చెయ్యి చాపాడు. అమ్మమ్మ మూటలు ఇవ్వలేదు. "ఉండనీరా. ఎంత కట్టామో, ఎంత కట్టాలో నాకు తెలుసు" అంది. మామయ్య నా వైపు ఆశ్చర్యంగా చూశాడు.

అదే పూట తాతయ్య ఎడం చేత్తో ఛాతీ తడుముకోవడం మొదలుపెట్టాడు. ఏదో కావాలన్నాడు. మాకు అర్థం కాలేదు. అమ్మమ్మకు అర్థమైంది. ఉతికి ఆరేసిన బనీను తెచ్చి, నాలుగో మూట తప్ప మిగిలిన డబ్బు మడిచి దాని జేబులో పెట్టి, పిన్నీసు పెట్టి, ఆయన ఒళ్లో ఉంచింది. "అన్నీ ఉన్నాయండీ. ఏదీ పోలేదు" అంది. ఆయన పిన్నీసు తీయబోయాడు. ఎడం చేతి వేళ్లకు అది రాలేదు. చాలాసేపు ప్రయత్నించాడు. మామయ్య సాయం చేయబోతే అమ్మమ్మ కళ్లతోనే వద్దంది. చివరికి ఆయన చెయ్యి ఆపేసి, అమ్మమ్మ ముఖంలోకి చూసి, బనీనును ఆవిడ వైపు తోశాడు. "నీ... నీ దగ్గరే" అన్నాడు. అమ్మమ్మ దాన్ని తీసుకుని గుండెకు ఆనించుకుని, గోడ వైపు తిరిగింది. యాత్ర మొదలైనప్పట్నుంచీ ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఆస్పత్రి నుంచి పంపించిన రోజున, ఆయన పడుకుని రావడానికి వీలుగా బోర్డరు దాకా జీపు మాట్లాడారు. మామయ్య డబ్బు తీయబోతే అమ్మమ్మ ఆపి, నాలుగో మూట విప్పి డ్రైవరుకు లెక్కపెట్టి ఇచ్చింది. ఆ డబ్బు దేనికి దాచిందో మామయ్యకు నేను చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు.

ఇప్పుడు నేను దేశం దాటితే బ్యాంకు వాళ్లు ముందే మెసేజ్ పంపుతారు. కార్డు ఒకటి పోతే ఇంకొకటి ఉంటుంది. మావారి ఫోన్లో ఎంతుందో నాకు తెలుసు, నా దాంట్లో ఎంతుందో ఆయనకు తెలుసు. డబ్బు కోసం గుమ్మంలో నిలబడి అలమరతో మాట్లాడాల్సిన పని నాకు ఎప్పుడూ పడలేదు. అదంతా మంచికే, సందేహం లేదు. కానీ ముప్ఫై మంది ముక్కూ మొహం తెలియని వాళ్లు నా కోసం కొంగుముళ్లు విప్పే సందర్భం కూడా నాకు రాలేదు. వస్తే విప్పేవాళ్లున్నారో లేదో తెలుసుకునే వీలు కూడా లేదు. యంత్రం డబ్బు ఇవ్వకపోతే మరో యంత్రం దగ్గరికి పోతాం. ఎవరినీ అడగం.

తాతయ్య ఆ తర్వాత నాలుగైదేళ్లు బతికాడు. డబ్బు అమ్మమ్మ దగ్గరే ఉండిపోయింది. పాల లెక్క, కూలీల లెక్క, ఎరువుల కొట్టు, అన్నీ ఆవిడే చూసింది. ఆయన వసారాలో పడక్కుర్చీలోంచి చూస్తుండేవాడు. ఎంతుందని ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన పోయాక ఒక సాయంత్రం అమ్మమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతుంటే పక్కన కూర్చుని అడిగాను. "ఇన్నేళ్లకు డబ్బు నీ చేతికొచ్చింది కదా, నీకు బాగుండేదా అమ్మమ్మా?"

చేట ఒళ్లో ఆగిపోయింది.

"అక్కడ ఆ గదిలో మూటలు తలకింద పెట్టుకుని పడుకుంటే నిద్రొచ్చేదా నాకు? చాలకపోతే ఎట్టా, ఎవడన్నా ఎత్తుకుపోతే ఎట్టా, రేపెట్టా. మీ తాతయ్య అన్నేళ్లూ ఆ బనీను వేసుకుని పడుకున్నాడంటే ఎందుకో అప్పుడు తెలిసిందే నాకు. కోపం కాదది, భయం. నా జోలికి రానివ్వకుండా మొత్తం తనే పడ్డాడు. చెబితే సగం పడేదాన్ని కదా. చెప్పలేదు."

అని, మళ్లీ బియ్యంలోకి వంగి, కనిపించని రాళ్ల కోసం వెతుకుతూ కూర్చుంది.